ఒక్క సాక్సోఫోన్ విని మాట చెప్పాలంటే

ఆదివారం సాయంత్రం నల్లగొండ క్లాక్ టవర్‌కు కొంచెం అవతల, మా మేడ మీద గదిలో ఆరేడుగురం కూర్చుంటాం. స్పీకర్‌లో ఒక్క సాక్సోఫోన్ మోగుతుంది. తబలా లేదు, డ్రమ్ము లేదు, పాట లేదు. ఇరవై నిమిషాలు విని, తర్వాత గంట సేపు మాట్లాడుకుంటాం. ఎవరు ఏమన్నారో ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాస్తాను. మొదటి పేజీలో ఉన్న మొదటి మాట ఒక రైస్ మిల్లు ఆపరేటర్‌ది: “గిది వాయించుడా, కోడిని పట్టుకున్నరా?”

ఆ మాటకు గదిలో నవ్వారు. నేను రాసుకున్నాను. ఎందుకంటే అది చెవి పెట్టి విన్న మనిషి మాట. సాక్సోఫోన్ పై స్థాయిలో స్వరం పగిలినప్పుడు వచ్చే చప్పుడు నిజంగానే చేతికి చిక్కిన కోడి అరుపుకు దగ్గరగా ఉంటుంది. ఒక్క సాక్సోఫోన్‌తో వాయించే ఈ ప్రయోగ సంగీతం గురించి మామూలుగా వినిపించేవి రెండే మాటలు: “అబ్బో, గొప్పది”, “చెవులు పోయినయ్”. ఆ రెండింటిలోనూ అక్కడ ఏం మోగిందో లేదు. కోడి మాటలో ఉంది.

నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. మా నాయిన దేవరకొండ దిక్కు పెళ్ళి బ్యాండులో సాక్సోఫోన్ వాయించాడు. ఈ రెండూ కలిసి నన్ను ఈ సంగీతం దగ్గరికి తెచ్చాయి. మీ ఊళ్ళో కూడా నలుగురిని కూర్చోబెట్టి, ఇలాంటి వాయింపు విని, దాని మీద పనికొచ్చే మాట చెప్పుకోవాలంటే ఏం చేయాలో మా గదిలో తెలిసినంత రాస్తున్నాను.

ముందు ఏది పెట్టాలన్న దగ్గరే నేను తప్పు చేశాను. మొదటి ఆదివారం ఆంథనీ బ్రాక్స్‌టన్ ‘ఫర్ ఆల్టో’ను మొదటి నుంచీ వరసగా పెట్టాను. షికాగో మనిషి, 1971లో వచ్చిన రెండు రికార్డుల ఆల్బమ్, అంతా ఒక్క ఆల్టో సాక్సోఫోన్ (సాక్సోఫోన్‌లలో సొప్రానోది సన్నటి గొంతు, తర్వాత ఆల్టో, టెనర్, బేస్‌ది బాగా లావు గొంతు). ఒకే సాక్సోఫోన్‌తో ఒక పూర్తి ఆల్బమ్ రావడానికి అదే మొదలని చరిత్ర రాసేవాళ్ళు చెబుతారు. అందులో జాన్ కేజ్ అనే స్వరకర్తకు అంకితమిచ్చిన వాయింపు ఉంది. ఆసాంతం గీరుడూ అరుపూ, ఊపిరి పీల్చుకునే సందు కూడా ఇవ్వదు. అది సగానికి రాకముందే ముగ్గురు లేచి చెప్పులేసుకున్నారు. వాళ్ళను నేను తప్పుపట్టలేదు. ఆకలిగా వచ్చిన వాళ్ళకు అన్నం పెట్టకుండా ఉత్త పచ్చిమిర్చి పెట్టాను.

ఇప్పుడు నా వరస వేరు. మొదట కద్రి గోపాల్‌నాథ్ గారి ఆలాపన పది నిమిషాలు, మృదంగం అందుకోక ముందు భాగం. ఆయనది ప్రయోగ సంగీతం కాదు, శుద్ధమైన కర్ణాటక సంగీతం, పక్కన వయొలిన్ కూడా ఉంటుంది. అయినా ఆయనతోనే మొదలుపెట్టమంటాను. మంగుళూరు దిక్కు మనిషి, తండ్రి నాదస్వరం వాయించేవారు. మైసూరు ప్యాలెస్ బ్యాండులో సాక్సోఫోన్ విని దాని మీద మనసు పడ్డారు. గమకాలు పలకడానికి ఆ వాయిద్యంలోనే మార్పులు చేసుకున్నారు. 2019లో పోయారు. ఆయన్ను వింటే చెవికి ఒక సంగతి ఖాయమవుతుంది: ఈ ఇత్తడి గొట్టంలో మనిషి గొంతు ఉంది. అది ఒకసారి చెవికి పట్టాక, ఆ గొంతు పగిలినా బొంగురుపోయినా మనకు గొంతులాగే వినిపిస్తుంది.

తర్వాత అమెరికా జాజ్ వాయిద్యకారుడు కోల్‌మన్ హాకిన్స్ 1948 నాటి ‘పికాసో’. మూడు నిమిషాల పైచిలుకు, టెనర్ సాక్సోఫోన్ ఒక్కటే. పొట్టిది కాబట్టి వెంటనే రెండోసారి వినొచ్చు, రెండోసారి వినడం అలవాటు చేయడానికి ఇంతకంటే మంచిది నాకు దొరకలేదు. ఆ తర్వాత స్టీవ్ లేసీ. సన్నటి సొప్రానో మీద ఒక్కో స్వరాన్ని ఆచితూచి పెడతాడు, తొందర ఉండదు, పెద్దవాళ్ళకు నచ్చుతాడు. ఇంజినీరింగ్ చదివే పిల్లలుంటే కాలిన్ స్టెట్‌సన్‌ను ముందుకు జరపండి. మోకాళ్ళ దాకా వేలాడే బేస్ సాక్సోఫోన్, లోపల దడదడ కొట్టుకునే లయ, దానికి కాలు ఆడించకుండా కూర్చున్న పిల్లను నేను చూడలేదు. ఇవాన్ పార్కర్‌ను నెల తర్వాత పెట్టండి. జపాన్‌లో 29 ఏళ్ళకే చనిపోయిన కావోరు అబే రికార్డులు ఎవరైనా అడిగితేనే పెడతాను. ఆయన వాయింపులో ఉన్న నొప్పిని అడగని మనిషి మీద పెట్టడం నాకు ఇష్టం లేదు.

ఒక్క సాయంత్రం రెండు వాయింపులు చాలు. మూడోది పెడితే మొదటిది మరిచిపోతారు.

గది విషయం చిన్నదే గానీ, చెడితే అంతా చెడుతుంది. ఈ సంగీతంలో సగం సంగతి ఊపిరిలోనే ఉంది: స్వరం రాకముందు వచ్చే గాలి, కీల టకటక, పెదవి వదిలినప్పటి తడి చప్పుడు. ఎండాకాలంలో కూలర్ తిరుగుతుంటే ఇవేవీ వినపడవు. మేం ఏప్రిల్, మే నెలల్లో రాత్రి ఎనిమిదిన్నరకు మొదలుపెట్టి, వింటున్న ఇరవై నిమిషాలూ కూలరూ ఫ్యానూ రెండూ ఆపుతాం. చెమట పడుతుంది, ముందే చెబితే ఎవరూ ఏమనరు. ఫోన్ స్పీకర్‌లో మాత్రం పెట్టకండి. కింది స్థాయి స్వరాలు అందులో పలకనే పలకవు, మీరు విన్నది సగం సాక్సోఫోన్ అవుతుంది. పక్కింటి వాళ్ళకు ముందే ఒక మాట చెప్పండి. జాజ్ సాక్సోఫోన్‌లో పెద్ద పేరున్న సోనీ రోలిన్స్ అంతటి వాడు 1959 నుంచి రెండేళ్ళు న్యూయార్క్‌లో విలియమ్స్‌బర్గ్ బ్రిడ్జి మీదికి వెళ్ళి సాధన చేశాడు, ఇంట్లో వాయిస్తే చుట్టుపక్కల వాళ్ళకు ఇబ్బందని. మా నాయిన కూడా ఇంట్లో వాయించేవాడు కాదు, చెరువుకట్ట మీదికి పోయేవాడు.

ఇక వాయిద్యం లోపల ఏం జరుగుతుందో ఒక పావుగంట చెప్పండి. ఇది తెలియకపోతే వినేవాళ్ళు ‘కంప్యూటర్‌లో చేసిండ్రు’ అనుకుంటారు. సాక్సోఫోన్‌ను బెల్జియం దేశస్థుడు అడాల్ఫ్ సాక్స్ తయారుచేసి 1846లో పారిస్‌లో పేటెంట్ తీసుకున్నాడు. ఇత్తడిదే అయినా బాకా జాతి కాదు. మౌత్‌పీస్‌కు ఒక రెల్లు రీడ్ కట్టి ఉంటుంది, అది అదిరితేనే మోత. రీడ్‌కు నంబర్లుంటాయి, నంబరు పెరిగేకొద్దీ గట్టిది. కాబట్టి చుట్టరికం మన సన్నాయితోనే. సన్నాయి పీకకు రెండు ఆకులు, దీనికి ఒకటి. సన్నాయిలాగే దీని గొట్టం కూడా పైన సన్నగా మొదలై కింద వెడల్పవుతుంది. వేళ్ళు మామూలుగా పెడితే లోపలి గాలి ఒక పొడవుకు కుదిరి ఒక స్వరం పలుకుతుంది. కావాలని అడ్డదిడ్డంగా కొన్ని మూసి కొన్ని తెరిస్తే, గాలి ఒక పొడవుకు కుదరక రెండు మూడు స్వరాలు ఒకేసారి పలుకుతాయి. దీన్ని మల్టీఫోనిక్స్ అంటారు. ఊదుతూనే గొంతులో పాడితే రెండూ కలిసి గరగరమంటాయి. నాలుకతో రీడ్‌ను చప్పరించి వదిలితే ‘టప్’ మంటుంది. స్టెట్‌సన్ రికార్డింగుల్లో మెడకు కూడా ఒక మైకు అంటించుకుని, ఊదుతూ గొంతులో తీసే రాగాన్ని కూడా పట్టుకుంటాడు. సాక్సోఫోన్ మీద సాక్సోఫోన్ కలిపి అతికించడు, అంతా ఒకేసారి ఏకబిగిన వాయించిందే.

ఊపిరి సంగతి నేను చెప్పాల్సిన పని పడలేదు. పార్కర్‌ను మొదటిసారి పెట్టినరోజు అవుసుల పని చేసే పెద్దాయన ఒకరు ఉన్నారు. బ్రిస్టల్‌లో పుట్టిన పార్కర్ సొప్రానో మీద ఎక్కడా తెగకుండా నిమిషాల తరబడి వాయిస్తాడు, పైన పిట్టల గుంపు, కింద ఒక స్వరం మళ్ళీ మళ్ళీ వస్తూ ఉంటుంది. ఇద్దరో ముగ్గురో వాయిస్తున్నట్టుంటుంది. ఐదు నిమిషాలయ్యాక ఒక అమ్మాయి నా చెవిలో, “మేడం, గాయన ఊపిరి ఏడ తీసుకుంటుండు?” అంది. పెద్దాయన విని, “ముక్కుతోటి తీసుకుంటుండు బిడ్డా. బుగ్గల గాలి దాసుకుంటడు. ఊదుగొట్టంతోటి మంట ఊదేటప్పుడు మేం జేసేది గదే గదా, మంట ఆగితే టాకా పట్టది” అన్నారు. తర్వాత మంచినీళ్ళ గ్లాసు, స్ట్రా తెప్పించి చేసి చూపించారు. నీళ్ళలో బుడగలు ఆగకుండా వస్తూనే ఉన్నాయి, ఆయన ముక్కు గాలి పీల్చుతూనే ఉంది. మీరూ స్ట్రాతో ఇది చేయించండి. బుగ్గల్లో గాలి నింపి, బుగ్గలతో నొక్కుతూ ఆ క్షణంలో ముక్కుతో పీల్చాలి. ఎవరికీ మొదటిరోజు రాదు. కానీ ప్రయత్నించిన మనిషి ఆ తర్వాత పార్కర్‌ను వినే తీరు మారిపోతుంది. పెళ్ళిలో సన్నాయి పక్కన సుతి పట్టే మనిషి కూడా చేసేది ఇదే. ఆయన్ను మనం ఎన్నిసార్లు చూసి ఉంటాం, ఎప్పుడైనా విన్నామా?

మాట చెప్పించడం అన్నిటికన్నా కష్టమైన పని. నేను దీన్ని మూడు దఫాలుగా చేస్తాను.

మొదటి దఫాలో బాగుంది, బాగలేదు అనే మాటలు నిషేధం. ఏం విన్నారో అదే చెప్పాలి. ఇక్కడ ఇంగ్లిష్ మాటల కోసం వెతక్కండి, మన ఊరి మాటలే బలంగా ఉంటాయి. గీరుడు, గురగుర, బుస్సుమనుడు, కీచుమనుడు, జీర, ఇనుప తలుపు తీసినట్టు, బోరు మోటర్‌ గాలి తాగినట్టు. ఇవన్నీ మా నోట్‌బుక్‌లో ఉన్నాయి. “గాలి తాగిన మోటర్” అన్నది ఒక రైతు. నీళ్ళు అయిపోయి మోటర్ ఒకసారి నీరు, ఒకసారి గాలి లాగుతుంటే వచ్చే చప్పుడు అది. స్వరానికీ ఊపిరికీ మధ్య ఊగే వాయింపును దానికంటే దగ్గరగా చెప్పిన మాట నేను ఎక్కడా చదవలేదు. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లిలో రెండేళ్ళకోసారి జరిగే పెద్దగట్టు జాతరకు తప్పకుండా పోయే ఒక అక్క, స్టెట్‌సన్ విని, “దురాజ్‌పల్లి గుట్టకింద భేరీలు దూరంకెళ్ళి ఇనవడ్డట్టు కడుపుల కొడుతుంది” అంది. ‘కడుపుల’ అన్న ముక్క చూడండి. అది వివరమే, పొగడ్త కాదు.

ఎవరైనా “ఏమో మేడం, నాకు తెల్వదు” అంటే వదలకండి, చిన్న ప్రశ్నలు అడగండి. మొదట్లో పెద్దగా ఉందా, చిన్నగా ఉందా? ఎక్కడైనా ఆగిందా? ఒకే ముక్క మళ్ళీ వచ్చిందా? ఎంత దూరం నుంచి వాయిస్తున్నట్టుంది? ఈ చివరి ప్రశ్న చాలా పనిచేస్తుంది. జాన్ బుచర్ అనే బ్రిటిష్ వాయిద్యకారుడు 2006లో స్కాట్లాండ్‌లో ఖాళీ చమురు ట్యాంకు, గుహ, నీళ్ళ రిజర్వాయర్ లాంటి చోట్ల వాయించి రికార్డు చేశాడు. అది విన్నాక మా గుంపులో ఒకమ్మాయి మరుసటి వారం పానగల్ ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్ళి, జనం లేనప్పుడు రాతి మండపంలో మెల్లగా ఒక్క చప్పట కొట్టి వచ్చింది. “మేడం, రాయి కూడా వాయిస్తది” అని చెప్పి, బుచర్‌ను మళ్ళీ పెట్టమంది. ఈసారి ఆమె సాక్సోఫోన్‌ను వదిలేసి గోడల్ని విన్నది.

రెండో దఫాలో ఒంటికి ఏమైందో అడుగుతాను. పళ్ళు కొరుక్కున్నారా, భుజాలు బిగిశాయా, నిద్ర వచ్చిందా, టెన్షన్ పట్టిందా? నిద్ర వచ్చిందంటే తప్పు కాదు, రాస్తాను. ఎన్నో నిమిషంలో వచ్చిందో కూడా రాస్తాను.

మూడో దఫాలోనే నచ్చిందా లేదా. అక్కడ నేను ఒక్క నియమం గట్టిగా పట్టుకుంటాను: నచ్చలేదన్న వాళ్ళతో “మీకు అర్థం కాలేదు” అనకూడదు. ఆ మాట అన్నవాళ్ళను ఒకసారి ఆపాను కూడా. నచ్చకపోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మొదటి రెండు దఫాల్లో మాట చెప్పి వచ్చిన ‘నచ్చలేదు’కు నా నోట్‌బుక్‌లో ‘నచ్చింది’కి ఉన్నంత విలువ ఉంది.

వాయించిన వాళ్ళ పేరు, దేశం, ఎంత పేరున్నవాడో మూడు దఫాలూ అయ్యాకే చెప్పండి. ముందే చెబితే అందరూ మర్యాదగా మాట్లాడతారు, మర్యాదలో వినికిడి పోతుంది.

వినేవాళ్ళ మాట వాయింపు లోపలికే వెళ్ళిపోయిన సందర్భం ఒకటుంది, రికార్డు కూడా ఉంది. 1976లో స్విట్జర్లాండ్‌లోని విల్లిసావ్ జాజ్ ఉత్సవంలో బ్రాక్స్‌టన్ ఒంటరిగా వాయించాలి. ఆయన రాలేకపోయాడు, బదులుగా షికాగోకే చెందిన సాక్సోఫోన్ వాయిద్యకారుడు రాస్కో మిచెల్‌ను నిలబెట్టారు. జనానికి కోపం. మిచెల్ ఆల్టో మీద ఒక పదునైన ముక్క తీసుకుని అదే వాయించాడు, మళ్ళీ అదే, మళ్ళీ అదే. జనం గోల చేశారు, అరిచారు. ఆయన ఆపలేదు, మార్చలేదు. నిమిషాలు గడిచేకొద్దీ ఆ గోల రంగు మారి కేకలుగా, చప్పట్లుగా మారుతుంది. అంతా రికార్డులో వినిపిస్తుంది. ‘నొనా’ అని దాని పేరు, 1977లో ఆల్బమ్‌గా వచ్చింది. దీన్ని మా గదిలో పెట్టినప్పుడు సాక్సోఫోన్‌ను కాదు, జనాన్ని వినమన్నాను. ఎన్నోసారికి వాళ్ళు మెత్తబడ్డారో పెన్సిల్‌తో గీతలు పెట్టమన్నాను. ఏ ఇద్దరి గీతలూ కలవలేదు. రైస్ మిల్లు అన్న మాత్రం, “జనం మెత్తవడలే మేడం, అలిసిపోయిండ్రు. అలిసిపోయినంక ఇన్నరు” అన్నాడు. దాని మీద ఆ రాత్రి పదకొండింటి దాకా వాదన నడిచింది. మీరు కూడా కనీసం ఆరు వారాలయ్యాక, గుంపుకు చనువు కుదిరాక ఇది పెట్టండి.

ప్రతి గుంపులో ఒక సార్ ఉంటారు. మాకు రిటైర్డ్ హెడ్‌మాస్టర్ గారు. “రాగం లేదు, తాళం లేదు, సంగీతం ఎట్లయితదమ్మా?” అంటారు. ఆయనతో నేను చాలా కాలం వాదించాను, అది దండగ పని. ఇప్పుడు ఆయన ప్రశ్ననే పనిగా ఇస్తాను. “సార్, రాగం లేదు సరే, శ్రుతి ఉందో లేదో మీరే చూడండి, ఏ స్వరానికి తిరిగి వస్తున్నాడో పట్టుకోండి” అంటాను. పార్కర్‌లో ఆయనే ఒక కింది స్వరాన్ని పట్టుకుని, అది వచ్చినప్పుడల్లా వేలు ఎత్తుతూ కూర్చున్నారు. ఇప్పటికీ ఇది సంగీతం కాదనే అంటారు. ప్రతి ఆదివారం వస్తారు. ఆయన చెవి మా అందరిలోకి పదునైనది.

రెండు నెలలకోసారి పాత పేజీ ఒకటి తెరిచి, అదే వాయింపు మళ్ళీ పెట్టి, పాత మాటలు చదవకుండా కొత్తవి రాయండి. పాత మాట నీలం ఇంకుతో ఉంటే కొత్తది ఎర్ర ఇంకుతో. పాతది కొట్టేయవద్దు. మాట మారకపోతే మారలేదనే రాయండి. పేజీ పైన తారీఖు, వాయింపు ఎన్ని నిమిషాలు, కరెంటు పోయిందా, వాన పడిందా కూడా రాయండి. వానపడ్డ రోజు రాసిన మాటలు వేరుగా ఉంటాయని నాకు గట్టి నమ్మకం, రేకుల మీద చినుకులు పడుతుంటే లేసీ వాయించే ఖాళీలన్నీ నిండిపోతాయి.

మా నాయిన ఈ గదిలోకి చాలా కాలం రాలేదు. మోకాళ్ళ నొప్పులు, మేడ మెట్లు. పోయిన దసరాకు పిల్లలు పట్టుకుని ఎక్కించారు. బ్రాక్స్‌టన్ పెట్టాను, మొదటి ఆదివారం ముగ్గురు లేచిపోయిన అదే వాయింపు. ఆయన కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నాడు. మూడు దఫాలూ అయ్యాయి, ఆయన ఏమీ అనలేదు. “నాయినా, ఒక్క మాటన్నా చెప్పు, రాసుకుంట” అన్నాను. కొంచెం సేపు కింది పెదవిని పళ్ళ మీదికి లోపలికి మడిచి, వదిలి, మళ్ళీ మడిచాడు. బ్యాండులో ఉన్నప్పుడు మౌత్‌పీస్ నోట్లో పెట్టుకునే ముందు అలాగే చేసేవాడు.

“రీడ్ ఎన్నో నంబర్ది వాడిండు?” అన్నాడు.

నాకు తెలియదన్నాను. “మూడు గాదు. మూడైతే గంత సేపు పెదవి ఆగది. రెండున్నర ఉంటది” అన్నాడు. ఆ పేజీలో ఎర్ర ఇంకుతో అదే రాశాను, కింద ఆయన సంతకం చేశాడు.